50 దాటాక హెచ్‌పీవీ పరీక్ష: ఎవరు చేయించుకోవాలి, ఎలా సిద్ధపడాలి, రిపోర్టు వచ్చాక ఏం చేయాలి

"ముట్లు ఆగిపోయి పదేళ్లు దాటింది, ఇంక ఆ పరీక్షలు నాకెందుకే" అంటూ మా అమ్మ రెండేళ్లు వాయిదా వేసింది. చివరికి 61వ ఏట చేయిస్తే, గర్భసంచి కింది మూతికి (ముఖద్వారానికి) క్యాన్సర్ తేగల వైరస్ హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చింది. ఇంటికి రాగానే అడిగిన మొదటి మాట ఇంకా నా చెవుల్లో ఉంది: "మీ నాన్న పోయి ఎనిమిదేళ్లయింది, ఈ వైరస్ నాకిప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?" ఆ గొంతులో భయం కన్నా అవమానమే ఎక్కువ వినిపించింది నాకు. చాలామంది అమ్మలు ఈ ప్రశ్న పైకి అడగలేక లోపలే కుమిలిపోతారు కాబట్టి ముందు దీనికే జవాబు చెప్తాను.

హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. క్యాన్సర్‌కు దారితీసేవి వాటిలో 14 దాకా ఉంటాయి, ఆ 14లోనూ 16, 18 అనే రెండు రకాలే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం. ఇది లైంగిక సంబంధం ద్వారా సోకే వైరసే, కానీ ఎంత మామూలుదంటే పెళ్లయి కాపురం చేసిన దాదాపు ప్రతి ఒక్కరికీ, ఆడైనా మగైనా, ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని అణిచేస్తుంది. కొందరిలో మాత్రం అది పరీక్షకు కూడా దొరకనంత తక్కువగా కణాల్లో దాగి ఉండి, వయసు మీద పడి రోగనిరోధక శక్తి తగ్గాక మళ్లీ తలెత్తవచ్చు. అంటే 60 ఏళ్లప్పుడు బయటపడ్డ వైరస్ 30 ఏళ్ల కిందటిది కావచ్చు, కొత్త భాగస్వామి ఉంటే ఈమధ్య వచ్చిందీ కావచ్చు, ఎప్పుడు వచ్చిందో ఎవరి నుంచి వచ్చిందో చెప్పే పరీక్ష మాత్రం లేదు. కాబట్టి ఆ రిపోర్టు పట్టుకుని ఎవరి నడవడికనూ, మీ నడవడికనైనా సరే, అనుమానించకండి.

ఇంకో మాట, పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. వైరస్ వదలకుండా అంటిపెట్టుకుని ఉంటే కణాల్లో మార్పులు మొదలై, అవి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్లలో, ఉదాహరణకు హెచ్ఐవీకి మందులు వాడనివాళ్లలో, 5 నుంచి 10 ఏళ్లు చాలు. పరీక్ష చేయించుకోమని ఇంతగా చెప్పేది ఆ మధ్య కాలంలో పట్టుకుంటే ఆపేయొచ్చని.

మరి ఎంత వయసు దాకా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ల వయసు మొదలుకొని 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోమంటుంది, 50 దాటాక క్రమం ప్రకారం వరుసగా రెండుసార్లు నెగటివ్ వచ్చినవాళ్లు ఆపేయొచ్చంటుంది. అమెరికాలో ఆ గడువు 65, అదీ గత పదేళ్లలో పరీక్షలు సరిగ్గా చేయించుకుని నెగటివ్ వచ్చినవాళ్లకే. దేశాన్ని బట్టి అంకె మారుతుంది గానీ అసలు విషయం ఒకటే: ఆపడానికి వయసు ఒక్కటే చాలదు, వెనక నెగటివ్ రిపోర్టులుండాలి. జీవితంలో ఒక్కసారి కూడా చేయించుకోలేదంటే మీరు ఆపేయాల్సినవాళ్లు కాదు, అందరికన్నా ముందు వెళ్లాల్సినవాళ్లు. గతంలో ముఖద్వారం మీద క్యాన్సర్ ముందు దశ మార్పులకు వైద్యం జరిగి ఉంటే 65 దాటినా, వైద్యమైన తర్వాత కనీసం 20 ఏళ్ల పాటు కొనసాగించాలి.

గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు "నాకిక అదే లేదు కదా" అనుకుంటారు. ఇక్కడ ఒక్క ప్రశ్న అడగాలి: ముఖద్వారం కూడా తీశారా, ఉంచేశారా? కొన్ని ఆపరేషన్లలో దాన్ని ఉంచేస్తారు, అప్పుడు పరీక్షలు మామూలుగానే చేయించుకోవాలి. మొత్తం తీసేసి, ఆ ఆపరేషన్ క్యాన్సర్ కోసమో ముందు దశ మార్పుల కోసమో కాకపోతే, అవసరం లేదు. డిశ్చార్జ్ కాగితాల్లో ఇది రాసి ఉంటుంది, బీరువాలోంచి తీసి చూడండి.

ఇప్పుడు పరీక్ష సంగతి. ముట్లు ఆగాక మార్పులు మొదలయ్యే చోటు ముఖద్వారం లోపలి గొట్టంలోకి వెనక్కి జరిగిపోతుంది, పైకి కనిపించదు. అందుకే వెనిగర్ లాంటి ద్రావణం రాసి కంటితో చూసే పరీక్ష ఈ వయసులో సరిపోదు. హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష అడగండి, లేదా దాంతోపాటు పాప్ స్మియర్ కూడా, అంటే ముఖద్వారం మీది కణాలను తీసి సూక్ష్మదర్శినితో చూసే పరీక్ష. రెండు రోజుల ముందు నుంచి కలయిక, యోనిలో వాడే మందులూ క్రీములూ, లోపల నీళ్లతో కడగడం మానేయాలి.

నొప్పి గురించి దాచకుండా చెప్తాను, ఎందుకంటే చాలామంది మానేసేది దానివల్లే. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి యోని పొడిబారి గోడలు పలచబడతాయి కాబట్టి, లోపల కనిపించేలా యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టినప్పుడు మంట పుడుతుంది. పడుకోకముందే చెప్పండి: "నాకు పొడిగా ఉంటుంది, చిన్న సైజుది వాడండి, మెల్లగా చేయండి, ఆపమంటే ఆపండి." మోకాళ్ల నొప్పులుంటే పక్కకు తిరిగి పడుకుని కూడా చేయించుకోవచ్చు. మా అమ్మకు ఇవేవీ తెలియక పళ్లు బిగించి భరించింది, నేను పక్కనుండీ అడగలేకపోయాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అసలు స్పెక్యులమే వద్దనుకుంటే, సొంతంగా శాంపిల్ తీసుకునే వీలుందా అని అడగండి: మెత్తటి బ్రష్ లాంటి పుల్లను యోనిలోకి పెట్టి కొద్దిసేపు తిప్పి, బయటికి తీసి వాళ్లిచ్చిన చిన్న సీసాలో వేసి ఇచ్చేయడమే. హెచ్‌పీవీని పట్టుకోవడంలో మంచి ల్యాబ్ పద్ధతితో చేస్తే ఇది డాక్టర్ తీసిన శాంపిల్‌కు దాదాపు సాటి వస్తుంది. దీన్నుంచి పాప్ స్మియర్ మాత్రం చేయలేరు.

పాప్ రిపోర్టులో "శాంపిల్ సరిపోలేదు" అని వస్తే కంగారు పడొద్దు, అలాగని వదిలేయొద్దు. పొడిబారినవాళ్లలో ఇది తరచూ జరిగేదే. మా అమ్మకు డాక్టర్ కొన్ని వారాలు వాడమని ఈస్ట్రోజన్ క్రీమ్ ఇచ్చి, తర్వాత మళ్లీ చేస్తే స్పష్టంగా వచ్చింది. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే క్రీమ్ మొదలుపెట్టే ముందే ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి.

హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే ముందు ఏ రకమో అడగండి. 16 లేదా 18 అయితే పాప్ బాగున్నా కాల్పోస్కోపీ చేస్తారు, అంటే ముఖద్వారాన్ని పెద్దగా చూపించే పరికరంతో చూసి అనుమానమున్న చోట చిన్న ముక్క తీయడం. వేరే రకమై పాప్ మామూలుగా ఉంటే సాధారణంగా ఏడాదికి మళ్లీ పరీక్ష, మా అమ్మ విషయంలో అదే జరిగింది. కాల్పోస్కోపీలో ఈ వయసువాళ్లు తప్పక అడగాల్సింది ఒకటుంది: "మార్పు మొదలయ్యే చోటు మీకు పూర్తిగా కనిపించిందా?" కనిపించకపోతే గొట్టం లోపలి నుంచి కూడా శాంపిల్ తీయాల్సి రావచ్చు. ముందు దశ మార్పులు తేలితే, లోపలిదాకా కనిపించనివాళ్లకు పైపైన కాల్చే వైద్యం సరిపోదు, ఆ భాగాన్ని కోసి తీస్తారు. వైరస్‌ను చంపే మాత్ర ఇంతవరకూ లేదు, ఉందని అమ్మేవాళ్లకు డబ్బు పోయకండి. పొగతాగే అలవాటుంటే మానేయడం మాత్రం నిజంగా పనికొస్తుంది.

హెచ్‌పీవీ టీకా ఇప్పటికే ఉన్న వైరస్‌ను పోగొట్టదు. అది కూతుళ్లకూ మనవరాళ్లకూ చిన్న వయసులోనే వేయించాల్సింది.

చివరగా, ఇది పరీక్ష తేదీలతో పనిలేని విషయం. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, కలయిక తర్వాత కనిపించినా, నీళ్లలా, వాసనతో డిశ్చార్జ్ అవుతున్నా, పొత్తికడుపులో నొప్పి తగ్గకపోయినా వచ్చే పరీక్ష తేదీ దాకా ఆగొద్దు. పోయిన నెలే రిపోర్టు నెగటివ్ వచ్చినా సరే, వెళ్లాలి. రక్తస్రావం గర్భసంచి లోపలి పొర నుంచి కూడా రావచ్చు, దాన్ని చూడటానికి హెచ్‌పీవీ పరీక్ష సరిపోదు, స్కానో బయాప్సీయో (చిన్న ముక్క తీసి చూడటం) కావాలి. చాలాసార్లు అది పొడిబారడం వల్లనే అని తేలుతుంది, కానీ ఆ మాట చూసిన డాక్టర్ చెప్పాలి, ఇంట్లో మనం అనుకోవడం కాదు. సిగ్గుతో మీ అమ్మ నోరు తెరవకపోతే ఆమె బట్టలు ఉతికేటప్పుడో, మంచం సర్దేటప్పుడో మీరే గమనించి అడగండి.