వాకీటాకీ పాఠాలు – 2: ముందు చెవి, తర్వాత నోరు

గత పాఠం లైసెన్సు దగ్గర ఆగింది. అమెరికాలో రేడియో తరంగాలను నియంత్రించే ఎఫ్‌సీసీ సైటులో నమోదై ఎఫ్‌ఆర్‌ఎన్ అనే పది అంకెల నమోదు సంఖ్య తీసుకోవడం, కుటుంబాలు మాట్లాడుకునే రేడియో సేవ జీఎంఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టడం, 35 డాలర్లు కట్టడం, పరీక్ష ఏదీ లేకుండానే పదేళ్ళకు సరిపడే కాల్‌సైన్, అంటే రేడియోలో మన గుర్తింపు పేరు, అందుకోవడం అయిపోయాయనుకుందాం. కాల్‌సైన్ ఇంకా రాని వారు కూడా ఈ పాఠంలో సగం చేయవచ్చు. వినడానికి లైసెన్సు అక్కరలేదు, మాట్లాడే మీట నొక్కడానికే కావాలి.

రేడియోలు ఇంట్లో వారికి పంచే ముందు బంధుత్వాల లెక్క ఒకటి తేల్చుకోవాలి. ఒకరు లైసెన్సు తీసుకుంటే దగ్గరి కుటుంబమంతా వాడుకోవచ్చని చెప్పాను. ఆ దగ్గరి కుటుంబం అంటే ఎవరో నిబంధన పేరుపేరునా చెబుతుంది: భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పినతండ్రులు, మేనమామలు, అత్తలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు, పెళ్ళితో కలిసిన అత్తమామలు, బావలు, వదినలు. చూడగానే మన ఇంటి పెళ్ళిపత్రికలా ఉంది కదా! కాని ఇందులో ఇంగ్లీషులో కజిన్ అనే వరస లేదు. మనకేమో ఆ మాటే లేదు. పెద్దనాన్న కొడుకు అన్నయ్యే, పిన్ని కూతురు చెల్లెలే. నోటితో ఎంత ఆప్యాయంగా అన్నయ్యా అని పిలిచినా, పెద్దనాన్న కొడుకు మీ లైసెన్సు కిందికి రాడు. బావ సంగతి మరీ చిత్రం. అక్క మొగుడైన బావ మీ కాల్‌సైన్ వాడవచ్చు, మేనత్త కొడుకైన బావ వాడకూడదు. అలాంటి వారికి రెండు దారులు: సొంతంగా 35 డాలర్లు కట్టడం, లేదా లైసెన్సు అక్కరలేని ఎఫ్‌ఆర్‌ఎస్ రకం వాకీటాకీ కొనుక్కోవడం. ఎఫ్‌ఆర్‌ఎస్ గరిష్ఠంగా 2 వాట్లే. కాని మన ఛానెళ్ళే దానివీ కాబట్టి ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. ప్రాణాపాయం వచ్చినప్పుడు మాత్రం వరసలు చూడనక్కరలేదు. అత్యవసర సందేశం పంపడానికి మీ రేడియో ఎవరి చేతికైనా ఇవ్వవచ్చు.

పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు నిక్షేపంగా వాడవచ్చు. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక జత పెట్టెలో వేసుకుపోతామంటే మాత్రం వద్దనండి. ఈ లైసెన్సు అమెరికాలోనే చెల్లుతుంది. భారతదేశంలో లైసెన్సు లేని వాకీటాకీలకు కేటాయించినవి వేరే తరంగాలు, 446 మెగాహెర్ట్జ్ దగ్గరివి.

ఇక పాఠంలోకి. రేడియో ఆన్ చేయగానే ఛానెల్ అంకె కనిపిస్తుంది. 1 నుంచి 22 దాకా నేరుగా మాట్లాడుకునేవి. ఆ పైన రిపీటర్ (మన మాటను విని తిరిగి ప్రసారం చేసే యంత్రం) కోసం ఎనిమిది ఉంటాయి, వాటిని ఇప్పుడు ముట్టుకోవద్దు. ఈ ఇరవై రెండూ ఒక్క తీరువి కావు. 1 నుంచి 7 వరకు 462 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, 5 వాట్ల దాకా వాడవచ్చు. 15 నుంచి 22 కూడా అక్కడే, 50 వాట్ల దాకా అనుమతి ఉంది, రిపీటర్లు మాట్లాడేది కూడా వాటి మీదే. మధ్యలోని 8 నుంచి 14 మాత్రం 467 దగ్గర, రిపీటర్లు చెవి పెట్టి వినే తరంగాల సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి. అందుకే వాటి మీద అరవాటుకు మించకూడదు, అదీ చేతి రేడియోతోనే. కొత్తవారు తెలియక 10వ ఛానెల్ పెట్టుకుని, రేడియో పాడైందని వాపసు పంపిన సందర్భాలు నేను చూశాను. రేడియో బాగానే ఉంది, ఛానెలే బీదది. ఇంటి వాడకానికి 1 నుంచి 7 లోపు ఒకటి ఎంచుకోండి. 20వ ఛానెల్‌ను 141.3 హెర్ట్జ్ టోన్‌తో దారిలో సాయం కోరే ప్రయాణికుల కోసం వాడటం పాత ఆనవాయితీ. చట్టమేమీ కాదు, అయినా ఊసులకు అది వద్దు.

టోన్ అన్నాను. కొత్తవారిని ఇంతగా తికమక పెట్టేది మరొకటి లేదు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

రేడియో డబ్బా మీద ప్రైవసీ కోడ్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ పేరు పెట్టినవారికి నా నమస్కారం, ఎందుకంటే అందులో ప్రైవసీ లేదు. కోడ్ పెట్టినప్పుడు మీ మాటతో పాటు ఒక సన్నని గుంయిమనే నాదం కూడా వెళుతుంది, మన చెవికి వినిపించనివ్వకుండా రేడియో దాన్ని వడగడుతుంది. ఆ నాదమే టోన్. అవతలి రేడియో అది ఉంటేనే స్పీకరు తెరుస్తుంది, లేకపోతే మూసి ఉంచుతుంది. అంతే. మీ మాటను దాచే తాళం కాదిది, మీ చెవిలో మీరు పెట్టుకున్న దూది. టోన్ పెట్టుకోని వారెవరైనా మీ మాట మొత్తం వింటారు. బ్యాంకు సంగతులు, ఊరెళుతున్నాం ఇల్లు ఖాళీ అనే సంగతులు దీని మీద చెప్పకూడదు.

దూదితో మరో చిక్కుంది. అదే ఛానెల్ మీద వేరే కుటుంబం మాట్లాడుకుంటూ ఉంటే మీకు వినిపించదు. ఖాళీగా ఉందనుకుని మీట నొక్కుతారు, వారి మాట మధ్యలో పడతారు. ఊరి బావి దగ్గర కళ్ళు మూసుకుని చేద వేసినట్టుంటుంది. ఛానెల్ ఎవరి సొత్తూ కాదు, లైసెన్సు ఉన్నా మీకు ప్రత్యేకంగా ఒకటి రాసివ్వరు. అందుకే రేడియో పక్కన మానిటర్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే దూది తీసినట్టే, టోన్ ఉన్నా లేకున్నా అందరూ వినిపిస్తారు. మాట్లాడే ముందు రెండు క్షణాలు అది నొక్కి వినడం అలవాటు చేసుకోండి.

టోన్ నాకు నేర్పిన పాఠం ఒకటి ఉంది. డాలస్ నుంచి రెండు కార్లలో బయల్దేరాం, ముందు కారు మా ఆవిడది, వెనకది నాది. బయల్దేరే హడావుడిలో ఆమె రేడియోలో టోన్ పెట్టాను, నాదానిలో మరిచాను. ఆమె చెప్పేది నాకు చక్కగా వినిపిస్తోంది. నేను చెప్పేదొక్కటీ ఆమెకు చేరడం లేదు. నా రేడియో టోన్ పంపడం లేదు, ఆమె రేడియో టోన్ లేనిదే నోరు విప్పడం లేదు. ఎగ్జిట్ దాటిపోతున్నావని నేను మొత్తుకుంటూనే ఉన్నాను, ఆమె తాపీగా దాటి వెళ్ళిపోయింది. నేను తన మాట వినిపించుకోనని ఏళ్ళుగా ఆమె చేస్తున్న ఫిర్యాదు ఆ పూట తిరగబడింది. కాబట్టి ఒకవైపు మాటే వినిపిస్తున్నప్పుడు మొదట చూడవలసింది టోన్. రెండు రేడియోలు వేర్వేరు కంపెనీలవైతే కోడ్ అంకెను నమ్మవద్దు. ఒకదానిలో 12, మరొకదానిలో 12 ఒకే నాదం కావాలని లేదు. సూచనల పుస్తకంలో హెర్ట్జ్ ఎంతో చూసి కలపండి. మాట చేరుతోంది కాని గొంతు మరీ నీరసంగా వస్తోందంటే అది టోన్ కాదు, మాట తరంగాల్లో ఎంత వెడల్పు చోటు తీసుకోవాలో చెప్పే వైడ్, న్యారో అనే అమరిక తేడా. ఎఫ్‌ఆర్‌ఎస్ ఎప్పుడూ న్యారోనే, వారితో మాట్లాడేటప్పుడు మీరూ న్యారోకు మారండి.

మొదటి వారం మాత్రం టోన్ అసలు పెట్టవద్దు. ఒక అరగంట ఛానెళ్ళు తిప్పుతూ వినండి. బళ్ళో కాపలాదారులు, ఇల్లు కట్టే మేస్త్రీలు, ఏదో కొండ మీది నుంచి తన కాల్‌సైన్‌ను మోర్స్ అనే చుక్కా గీతల సంకేతాల్లో కూసే రిపీటర్, పక్క వీధిలో పిల్లల దొంగా పోలీసు ఆట, ఎవరెవరో తగులుతారు. ఏ ఛానెల్ ఎప్పుడు రద్దీగా ఉంటుందో కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు నోరు. రేడియో నిటారుగా పట్టుకోండి, యాంటెనా ఆకాశాన్ని చూడాలి, నోటికి నాలుగు వేళ్ళ దూరం. మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మొదలుపెట్టండి. అవతలి స్పీకరు తెరుచుకోవడానికి ఆ క్షణం కావాలి, లేకపోతే మొదటి మాట ఎగిరిపోతుంది. ఇది ఇంగ్లీషు సూచనల పుస్తకాల్లో కూడా ఉంటుంది. వాటిలో అంతగా నొక్కి చెప్పనిది, తెలుగువారికి మరీ ముఖ్యమైనది, చివర. మన వాక్యంలో అసలు సంగతంతా క్రియలో ఉంటుంది, క్రియ చివర ఉంటుంది, కాదనడం ఆ క్రియలోనూ చివరి అక్షరాల్లో ఉంటుంది. మాట పూర్తి కాకుండా మీట వదిలేస్తే అవతలివారికి 'కుడివైపు తిర' అని వినిపిస్తుంది. తిరగమన్నారా, తిరగవద్దన్నారా? వారు కుడివైపే తిరుగుతారు, సందేహం లేదు. చివరి అక్షరం నోరు దాటాకే వేలు తీయండి. ఇంకా మంచిది, రేడియో మీద వద్దు అనవలసినప్పుడు దాన్నే ముందుకు తేవడం: 'వద్దు, కుడివైపు వద్దు, నేరుగా పోండి.'

పిలిచేటప్పుడు ముందు ఎవరిని పిలుస్తున్నామో, తర్వాత మనం ఎవరమో చెప్పాలి. తన పేరు వినగానే మనిషి చెవి నిక్కించుకుంటాడు, ఆ తర్వాతి మాటలు వింటాడు. మాట ముగిసిందని తెలియడానికి ఓవర్ అంటారు. మా ఇంట్లో చెప్పండి అంటాం, దానికన్నా సహజమైన ఓవర్ నాకు దొరకలేదు.

'బావగారూ, నేను రమణని. వినిపిస్తోందా? చెప్పండి.'

'వినిపిస్తోంది రమణా, పెట్రోలు బంకు దగ్గర ఉన్నాం. చెప్పు.'

'మేము పది నిమిషాల్లో వస్తాం. అక్కడే ఉండండి.' ఆ తర్వాత కాల్‌సైన్.

తెలుగులో మాట్లాడవచ్చు, ఏ అడ్డూ లేదు. కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో ఇంగ్లీషులోనే చెప్పాలని నిబంధన. సంభాషణ ముగిసినప్పుడు ఒకసారి, అది సాగుతూ పోతే పావుగంటకొకసారి. అమ్మ మాట్లాడినా అబ్బాయి మాట్లాడినా లైసెన్సుదారుడి కాల్‌సైనే. రహస్య సంకేతాల్లో మాట్లాడటం నిషిద్ధం, కాబట్టి చిన్ననాటి క-భాష సరదా ఇక్కడ తీర్చుకోవద్దు. సంగీతం, ఈలలు, వ్యాపార ప్రకటనలు కూడా కూడవు. మనవరాలి పాట తాతయ్యకు వినిపించాలంటే ఫోను ఉంది.

ఇక అందరూ ముందుగా అడిగే ప్రశ్న: ఎంత దూరం? డబ్బా మీద 35 మైళ్ళని ఉంటుంది. కొండ శిఖరం మీద ఒకరు, అడ్డేమీ లేని లోయలో ఒకరు నిలబడితే ఆ మాట నిజం. ఈ తరంగాలు దాదాపు చూపు లాంటివి, భూమి వంపు దాటి పెద్దగా వంగవు. యాంటెనా ఎత్తు అడుగుల్లో తీసుకుని వర్గమూలం కట్టి 1.4తో గుణిస్తే రేడియో దిగ్మండలం ఎన్ని మైళ్ళో సుమారుగా తెలుస్తుంది. అయిదడుగుల ఎత్తున పట్టుకున్న రేడియోకు మూడు మైళ్ళు. ఇద్దరూ అలాగే ఉంటే, చదును నేల మీద, రెండూ కలిపి ఆరు. ఒకరు ఇరవై అయిదడుగుల ఎత్తుకెక్కితే వారి వాటాయే ఏడు మైళ్ళవుతుంది. ఇది ఒట్టి నేల మీది లెక్క. మధ్యలో ఇళ్ళు, చెట్లు, షాపింగ్ కాంప్లెక్సులు వచ్చి కోసేస్తాయి. మా కాలనీలో వీధిలో నిలబడి మైలు దాటితే గొప్పే. అదే రేడియో మేడమీది కిటికీ దగ్గర పెడితే రెండో మైలు కూడా వచ్చింది, ఒక్క వాటు పెంచకుండా. వాట్ల కోసం డబ్బు పోయకముందు మెట్లెక్కి చూడండి.

ఈ వారం ఇంటిపని అదే. ఒకరు ఇంట్లో ఒకే చోట ఉండాలి, మరొకరు నడుస్తూ పోవాలి. ప్రతి మలుపు దగ్గర ఆగి మాట్లాడి, వీధి పేరు, మాట స్పష్టంగా ఉందా, గరగరలాడిందా, తెగిపోయిందా రాసుకోవాలి. తెగిన చోట వెంటనే తిరిగి రావద్దు. అక్కడే రెండడుగులు అటూ ఇటూ జరిగి మళ్ళీ నొక్కి చూడండి. తరంగం పొడవు 65 సెంటీమీటర్లే, గోడలకు తగిలి వెనక్కు వచ్చినవి ఒకచోట కలిసి బలపడతాయి, అడుగు పక్కన ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ తర్వాత రేడియోను నడుముకు తగిలించి ఒకసారి, తల ఎత్తున పట్టుకుని ఒకసారి అక్కడే పరీక్షించండి. మన ఒంట్లోని నీరు ఎంత మింగేస్తుందో తెలుస్తుంది. చివరగా ఇంట్లో ఉన్నవారిని మేడమీదికి పంపి అదంతా మళ్ళీ చేయండి. యాంటెనా ఊడదీసి మీట నొక్కడం మాత్రం ఏ ప్రయోగంలోనూ వద్దు, రేడియో కాలిపోవచ్చు.

మాట తెగిన చోట్లను పటం మీద చుక్కలుగా పెట్టి దాచుకోండి. వచ్చే పాఠంలో రిపీటర్ దగ్గరికి వెళతాం: 467 మీద విని అదే క్షణంలో 462 మీద తిరిగి చెప్పే యంత్రం, దాని యజమాని అనుమతి అడిగే పద్ధతి, మనం ఇప్పుడు ముట్టుకోని ఆ ఎనిమిది ఛానెళ్ళు. అప్పుడు మీ పటం కావాలి.