చల్లటి సముద్రంల స్కూబాకు (సిలిండర్ గాలితోని నీళ్ల అడుగున ఈదుడు) దిగే ముందు
తమ్మీ, సాగర్ ఎడమకాల్వల ఈదినం కదా అని కెనడాల వాంకోవర్ ఐలాండ్ కాడ దిగితే కష్టం, ఆడ నీళ్లు 10 డిగ్రీల చుట్టుపక్కలనే ఉంటయి, డ్రైసూట్‌ల (నీళ్లు లోపటికి రాని సూట్) ముందు పూల్ల ప్రాక్టీస్ చెయ్యి, రెగ్యులేటర్ (సిలిండర్ గాలి నోటికి అందిచ్చేది) చల్లనీళ్లకు పనికొచ్చేదేనా అడుగు.

అన్నిటికంటె భయం కరెంట్‌తోనే, అంటే సముద్రంల నీళ్ల ప్రవాహంతోనే. టైడ్ టేబుల్ (పోటు ఆటు టైంల పట్టిక) చూసి పోటు ఆటు మారే మధ్యన నీళ్లు నెమ్మదించినప్పుడే దిగాలె, ఆ టైం కొద్దిసేపే ఉంటది, లోకల్ గైడ్ లేకుంటె అసలే వద్దు. గుంజుకపోతే ఎదురీదకు, ఆయాసంతోని సిలిండర్ల గాలి జల్ది అయిపోతది, నీతోని దిగిన జోడీని ఇడ్వకుండ సిగ్నల్ ట్యూబ్ (పడవోళ్లకు కనపడేటట్టు నీళ్ల మీద తేలే గాలి గొట్టం) పైకి ఇడిచి మెల్లగ రా, 5 మీటర్ల లోతు కాడ 3 నిమిషాలు ఆగు. ఊపిరి బిగబట్టకు.

పెద్ద ఆక్టోపస్‌ను దూరంకెల్లి చూడు. లయన్స్ మేన్ జెల్లీఫిష్ తీగలు పొడుగుంటయి, తగిల్తే మంట.

వరసగ డైవ్‌లు చేస్తే 18 గంటలన్న ఆగి ఫ్లైట్ ఎక్కు.