మ్యూజిక్ కోసం కట్టుకున్న సిస్టం మొరాయిస్తే

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి విడి భాగాలు కొని డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకున్నవాళ్లు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఒక్కటే: "అన్నా, పాటలో ఏదో చప్పుడు వస్తోంది, ర్యామ్ పెంచితే సరిపోతుందా?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: ఆ చప్పుడు ఎప్పుడు వస్తోంది? పాడేటప్పుడా, వినేటప్పుడా, మౌస్ కదిపినప్పుడా, పై ఫ్యాన్ వేసినప్పుడా? అది తెలియకుండా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ భాగాలు అమ్మే సీటీసీకి పరుగెత్తితే డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ సిస్టంల గురించి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో క్యూబేస్, రీపర్, ఎఫ్‌ఎల్ స్టూడియో, మీరు ఏది వాడినా పెద్ద తేడా ఉండదు.

కొత్తగా బిగించాం, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రావట్లేదు

మ్యూజిక్ సిస్టంకి పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఆ మాట నిజమే. కానీ అది విని కార్డు మానేసి, తీరా లోపల గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ కొనేస్తారు. ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవి, ఏఎండీలో రైజెన్ 5 5600 లాంటివి ఈ రకం. వాటితో మదర్‌బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐలో బొమ్మ రాదు. దుకాణంవాళ్లు ఒప్పుకుంటే ప్రాసెసర్ మార్చుకోండి, లేదంటే ఫ్యాన్ లేని చిన్న కార్డు ఒకటి పెట్టండి.

ప్రాసెసర్ సరైనదే అయితే దాని పక్కనుండే ఎనిమిది పిన్నుల పవర్ వైరు గుచ్చారో లేదో చూడండి. ర్యామ్ రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో ఉండాలి. డీడీఆర్5 ర్యామ్ అయితే ఇంకో సంగతి: మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. టెన్షన్ పడి స్విచ్ కట్టేయకండి, వెళ్లి టీ పెట్టుకోండి.

పాడుతుంటే, వింటుంటే మధ్యమధ్యలో టప్ టప్ మంటోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. కుళాయి నీళ్లు ఆగి ఆగి వస్తున్నా బిందె నిండా ఉంటే ఇంట్లో పని ఆగదు. బిందె చిన్నదైతే మళ్లీ నిండేలోపే అడుగంటుతుంది. ఆడియోలో ఆ బిందె పేరు బఫర్. అది ఖాళీ అయిన క్షణమే మీకు వినపడే టప్.

సెకనుకి శబ్దాన్ని ఎన్ని ముక్కలుగా (శాంపిళ్లుగా) కొలుస్తామో అదే శాంపిల్ రేటు. అది 48,000 హెర్ట్జ్ ఉన్నప్పుడు బఫర్ 64 శాంపిళ్లు పెడితే ప్రాసెసర్‌కి దొరికే గడువు 1.3 మిల్లీసెకన్లు. 128కి 2.7, 256కి 5.3, 1024కి 21 పైచిలుకు. పాడేటప్పుడు మన గొంతు ఆలస్యం లేకుండా హెడ్‌ఫోన్‌లో వినపడాలి కాబట్టి 128 దగ్గర పెట్టుకుంటాం. మిక్సింగ్‌కి కూర్చున్నాక ఆలస్యంతో పని లేదు, 1024కి పెంచేయండి. చాలామంది ఒకసారి 64 పెట్టి దాన్ని ముట్టుకోరు. అక్కడే సగం గొడవ.

బఫర్ ముట్టుకునే ముందు డ్రైవర్ చూడండి. మీ ఇంటర్‌ఫేస్ (మైకునీ స్పీకర్లనీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) తయారుచేసిన కంపెనీ ఇచ్చిన, ఆలస్యం తగ్గించే ఆసియో డ్రైవర్ వేసుకుని, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో దాన్నే ఎంచుకోవాలి. ఆసియో4ఆల్ అనేది సొంత డ్రైవర్ లేనివాళ్లకి సర్దుబాటు మాత్రమే. ఇంటర్‌ఫేస్ కొన్నాక కూడా దానితోనే లాగిస్తున్నవాళ్లని చూశాను.

బఫర్ 512 పెట్టినా, ప్రాజెక్టులో నాలుగే ట్రాకులున్నా టప్ టప్ ఆగలేదంటే ప్రాసెసర్ బలం చాలక కాదు. ఏదో ఒక డ్రైవర్ దాన్ని మధ్యలో పక్కకి లాగి, వదలడం ఆలస్యం చేస్తోంది. ఆ దొంగని పట్టడానికి లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పాట ప్లే చేస్తూ పది నిమిషాలు నడవనివ్వండి. డ్రైవర్ల జాబితాని ఎక్కువ సమయం తిన్నవాటి వరసలో చూడండి. ఎన్‌డీఐఎస్ పేరు పైన ఉంటే నెట్‌వర్క్ మీద, ముఖ్యంగా వైఫై మీద అనుమానం. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం కనిపిస్తే ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్.

వైఫై అయితే డివైస్ మేనేజర్‌లో దాన్ని డిజేబుల్ చేసి మళ్లీ వినండి. టప్ టప్ ఆగితే రికార్డింగ్ సమయంలో దాన్ని ఆపేయండి, లేదా రూటర్ నుంచి కేబుల్ లాగండి. గ్రాఫిక్స్ అయితే డ్రైవర్ని శుభ్రంగా తీసేసి కొత్తది వేయండి, దాని కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ సెట్టింగ్‌ని గరిష్ఠ పనితీరుకి మార్చండి. విండోస్ పవర్ ప్లాన్‌ని కూడా హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టాలి. కరెంటు ఆదా చేయడానికి ప్రాసెసర్ కునుకు తీస్తుంటుంది. లేచి వచ్చేలోపు మన 1.3 మిల్లీసెకన్లలో కొంత కరిగిపోతుంది.

ఇంకో మాట. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని "ఆలస్యం తగ్గట్లేదు" అంటే ఏ సెట్టింగూ కాపాడదు. వైరు హెడ్‌ఫోన్ కొనండి.

టాస్క్ మేనేజర్‌లో 30 శాతమే, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీటరు ఎర్రగా

రెండూ నిజమే చెబుతున్నాయి. ఒక ట్రాకు మీద ఆరు ప్లగిన్లు (ఈక్వలైజర్, రివర్బ్ లాంటి చిన్న ప్రోగ్రాంలు) వరసగా పెడితే మొదటిది పని ముగిస్తేనే రెండోది మొదలవుతుంది. అందుకే ఆ వరస మొత్తం సాధారణంగా ఒకే కోర్ మీద నడుస్తుంది. పదహారు కోర్లున్నా మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. టాస్క్ మేనేజర్ అందరి పనినీ కలిపి సగటు చూపిస్తే, సాఫ్ట్‌వేర్ మీటరు గడువు దాటుతున్న ఆ ఒక్కరి సంగతి చెబుతుంది.

మాస్టర్ ట్రాకు మీద ఏం పెట్టారో ముందు చూడండి. లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లు, ముందుచూపుతో పనిచేసే లిమిటర్లు బరువైనవి, పైగా ఆలస్యం కూడా కలుపుతాయి. పాడేటప్పుడు వాటిని ఆపేయండి. తర్వాత రికార్డు బటన్, మానిటర్ బటన్ ఆన్‌లో మరిచిపోయిన ట్రాకులు. క్యూబేస్, రీపర్ లాంటివి మామూలు ట్రాకుల్ని కాస్త ముందుగానే లెక్కకట్టి పెట్టుకుంటాయి, రికార్డుకి సిద్ధంగా ఉన్న ట్రాకుని మాత్రం అప్పటికప్పుడు చిన్న బఫర్‌తో నడపాలి. అవసరం లేనివి ఆఫ్ చేయగానే మీటరు దిగడం మీ కళ్లతోనే చూస్తారు. అప్పటికీ తగ్గకపోతే బరువైన వాయిద్యాల ట్రాకుల్ని ఫ్రీజ్ చేయండి, అంటే తాత్కాలికంగా మామూలు ఆడియోగా మార్చి పెట్టండి.

ఇంకా కొనని వాళ్లకి నా సలహా: కోర్ల సంఖ్య చూసి మురిసిపోకుండా ఒక్కో కోర్ వేగం చూసి ప్రాసెసర్ ఎంచుకోండి.

స్వరాలు తెగిపోతున్నాయి, ప్రాజెక్టు తెరవడానికే అరగంట

కాంటాక్ట్ లాంటి, రికార్డు చేసిన వాయిద్యాల స్వరాల్ని వాయించే ప్రోగ్రాంలలో పెద్ద స్ట్రింగ్స్ లైబ్రరీ వేస్తే, ప్రతి స్వరం మొదటి ముక్క ర్యామ్‌లో ఉంటుంది, మిగతాది వాయించేటప్పుడు డిస్కు నుంచి వస్తుంది. లైబ్రరీ పాత హార్డ్ డిస్కులో ఉంటే స్వరాలు తెగుతాయి. ఎస్‌ఎస్‌డీకి మార్చండి. సాటా రకమైనా చాలు, ఖరీదైన ఎన్‌వీఎంఈ కోసం అప్పు చేయనక్కర్లేదు. యాంటీవైరస్ అయిన విండోస్ డిఫెండర్‌కి ఆ ఫోల్డర్‌ని వదిలేయమని చెప్పండి, లేకపోతే వేల ఫైళ్లని ఒక్కొక్కటిగా తడుముతుంది.

ర్యామ్ పెంచమనే సలహా ఇక్కడే నిజంగా పనికొస్తుంది. ప్రాజెక్టు తెరిచి ఉండగా ర్యామ్ 90 శాతం దాటుతుంటే 16 జీబీ నుంచి 32కి వెళ్లండి. దాటకపోతే వద్దు.

స్పీకర్లో గుయ్‌మని మోత, క్యాబినెట్ తాకితే జివ్వుమంటోంది

ఈ రెంటినీ వేరు వేరు సమస్యలని చెబుతారు, కానీ చాలా ఇళ్లలో మూలం ఒక్కటే: గోడలోని ప్లగ్గుకి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్తింగ్ ఉండదు.

ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు ఇచ్చే పెట్టె) లోపల కరెంటు చెత్తని వడకట్టే చిన్న కెపాసిటర్లు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్యలో నిలిచి, ఇనప పెట్టెకి కలిసి ఉంటాయి. ఎర్తింగ్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మీద మన 230 వోల్టుల్లో దాదాపు సగం నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువే కాబట్టి చెయ్యి జివ్వుమని ఊరుకుంటుంది. మల్టీమీటరుతో ప్లగ్గు చూడండి: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకి మించకూడదు. మల్టీమీటరు వాడటం అలవాటు లేకపోయినా, లెక్క తేడాగా వచ్చినా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇది మీరు స్క్రూడ్రైవర్ పట్టే పని కాదు.

మోత పోవాలంటే మూడో పిన్ను విరిచేయమని చెప్పే పెద్దమనుషులు ఉంటారు. మోత పోతుంది కూడా. తర్వాత ఎప్పుడో ఎస్‌ఎంపీఎస్ లోపల ఏదైనా తెగి పెట్టెకి తగిలితే, గిటారు తీగల మీద చెయ్యేసి ఇనప మైకుకి మూతి ఆనించిన మనిషి గుండా ఆ కరెంటు దారి వెతుక్కుంటుంది. వద్దు.

ఎర్తింగ్ బాగానే ఉండి కూడా మోత వస్తే, ఎక్కడి నుంచో పట్టాలి. స్పీకర్ వెనక ఆడియో కేబుల్ పీకేయండి. అయినా మోగుతుంటే దోషం స్పీకర్లో, లేదా ఆ గదిలోని కరెంటులో. ఆగిపోతే కేబుల్ గుండా వస్తోంది. అప్పుడు ఇంటర్‌ఫేస్‌ని బ్యాటరీ మీద నడుస్తున్న లాప్‌టాప్‌కి తగిలించి వినండి. నిశ్శబ్దంగా ఉంటే డెస్క్‌టాప్‌కీ స్పీకర్లకీ వేర్వేరు ఎర్త్ దారులు ఉండి, ఆడియో కేబుల్‌తో కలిసి అదొక చుట్టుగా తయారైందని అర్థం. మౌస్ కదిపితే కీచుమనే శబ్దం కూడా ఆ దారినే వస్తుంది.

సిస్టం, స్పీకర్లు, మానిటర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడండి. స్పీకర్లకి బ్యాలన్స్‌డ్ (కేబుల్ దారిలో కలిసే మోతని రద్దు చేసే) సాకెట్లు ఉంటే టీఆర్‌ఎస్ కేబుళ్లు వేయండి. చాలాసార్లు ఇంతటితోనే అయిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కేబుల్ కొనేటప్పుడు పిన్ను మీద నల్ల గీతలు రెండున్నాయో లేదో చూసుకోండి. ఒకటే ఉంటే అది బ్యాలన్స్‌డ్ కాదు. ఆర్‌సీఏ సాకెట్లే ఉన్న స్పీకర్లైతే ఆడియో కేబుల్ మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

పై ఫ్యాన్ వేసినప్పుడే మోత మొదలైతే ఫ్యాన్ రెగ్యులేటర్ అసలు ముద్దాయి. రికార్డింగ్ అప్పుడు ఎలాగూ ఫ్యాన్ కట్టేస్తారు కదా.

మైకులో సిస్టం ఫ్యాన్ల హోరు

మే నెలలో టేక్ కోసం ఏసీ కూడా ఆపేస్తాం. గది వేడెక్కి, ప్రాసెసర్ వేడెక్కి, సరిగ్గా పల్లవి ఎత్తుకునేసరికి ఫ్యాన్లు లేస్తాయి. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) వేడిని బట్టి ఫ్యాన్ వేగం ఎంత ఉండాలో చూపే గీత ఉంటుంది. 60 డిగ్రీల దాకా సమతలంగా ఉంచండి, వేగం మారడానికి తీసుకునే సమయం పెంచండి. రైజెన్ అయితే ఎకో మోడ్ పెట్టండి. కాస్త వేగం తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది.

వీటికంటే చవకైనది చోటు మార్చడం. కార్డియాయిడ్ మైకుకి వెనక వైపు వినికిడి తక్కువ, కాబట్టి దాని వీపు క్యాబినెట్ వైపు ఉండాలి. క్యాబినెట్‌ని దూరంగా నెట్టవచ్చు కానీ యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. దుమ్ము మాత్రం దులుపుతూ ఉండండి.

నిన్న పాడిన పాట ఇవాళ శ్రుతి మారి వినిపిస్తోంది

గొంతు దోషం కాదు. 44,100 శాంపిల్ రేటులో రికార్డు చేసినదాన్ని 48,000 దగ్గర మార్చకుండా ఉన్నదున్నట్టు ప్లే చేస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పెరుగుతుంది, పాట కూడా పరుగెడుతుంది. ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకీ రెండుకీ మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. ఏ తంబూరా దానితో కలవదు. ప్రాజెక్టు, ఇంటర్‌ఫేస్, విండోస్ సౌండ్ సెట్టింగ్ మూడింటిలోనూ ఒకే అంకె ఉండాలి.

ఇంటర్‌ఫేస్ ఉన్నట్టుండి మాయమవుతోంది

ముందువైపు పోర్టులోనో హబ్‌లోనో ఉంటే తీసి వెనక మదర్‌బోర్డు పోర్టులో నేరుగా పెట్టండి. పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. ఏఎండీ బీ550, ఎక్స్570 బోర్డుల్లో యూఎస్‌బీ తెగిపోయే సమస్య ఉందని ఆ కంపెనీయే 2021లో ఒప్పుకుని బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఆ బోర్డు కొన్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేసుకోండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే సిస్టం ఆగిపోతోంది

ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సవ్యంగా లాగే సర్క్యూట్)కి అది పడకపోవచ్చు. ఆగకపోయినా స్పీకర్లో గరగర మొదలవుతుంది. ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ కొనండి, దానికి సిస్టం, మానిటర్, ఇంటర్‌ఫేస్ మాత్రమే తగిలించండి. అది వచ్చేదాకా సాఫ్ట్‌వేర్‌లో ఆటో సేవ్‌ని అయిదు నిమిషాలకి పెట్టుకోండి.