గురువారం సెంటర్‌గా ఆడే కుర్రాడు: బజర్‌బీటర్‌లో స్మాల్ ఫార్వర్డ్‌ని తయారుచేయడం

బజర్‌బీటర్ అంటే ఇంటర్నెట్‌లో బాస్కెట్‌బాల్ జట్టుని నడిపే గేమ్. దాని మార్కెట్లో అన్నీ వచ్చిన స్మాల్ ఫార్వర్డ్‌ని (బుట్టకి దగ్గరా దూరంగా రెండుచోట్లా ఆడేవాణ్ణి) కొనబోతే ధర చూసి కళ్లు తిరుగుతాయి. వాణ్ణి తయారుచేసే ఓపిక చాలామందికి ఉండదు, అందుకే ఆ ధర. గార్డుని, అంటే బుట్టకి దూరంగా బంతి నడిపేవాణ్ణి, తయారుచేయడం తేలిక: గార్డు స్థానంలో ఆడించి గార్డు ట్రైనింగ్ పెడితే అయిపోయె. బుట్ట కింద నిలబడే సెంటరూ అంతే. స్మాల్ ఫార్వర్డ్‌కి మాత్రం సొంత బడి లేదు. పాసింగ్, ఔట్‌సైడ్ డిఫెన్స్ (బుట్టకి దూరంగా అడ్డుకోవడం) నేర్వాలంటే పాయింట్ గార్డ్‌గా ఆడాలి. ఇన్‌సైడ్ డిఫెన్స్, ఇన్‌సైడ్ షాట్ (బుట్ట దగ్గరి ఆట) నేర్వాలంటే సెంటర్‌గా ఆడాలి. అంటే తనది కాని చోట సీజన్ల తరబడి నిలబడి తన్నులు తినాలి. ఆ తన్నులు లీగ్ మ్యాచ్‌లో పడకుండా చూసుకోవడమే మీ పని.

ఇంత తంటా ఎందుకంటే జీతం కోసం. ఆటగాడి నైపుణ్యాల్ని ఒక్కో స్థానం లెక్కన తూచి, ఏ స్థానానికి ఎక్కువ జీతం తేలితే అదే ఇవ్వమంటుంది ఈ గేమ్. సెంటర్‌కి ఇన్‌సైడ్ నైపుణ్యాలన్నీ ఒకేవైపు పోగుపడతాయి కాబట్టి జీతం ఆకాశానికి పోతుంది. అదే మొత్తం నైపుణ్యాన్ని లోపలా బయటా సర్దినవాడు ఏ స్థానం తూకంలోనూ బరువు తూగడు. తక్కువ జీతానికి ఎక్కువ పని చేస్తాడు. బ్యాంకులో రోజంతా లెక్కలు చూసే నాబోటివాడికి ఇంతకన్నా ముద్దొచ్చే ఆటగాడు ఉండడు.

ముందు కుర్రాణ్ణి ఎంచుకోవాలి. డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లకి పంచేటప్పుడు, వచ్చేవాళ్లు 18, 19 ఏళ్లవాళ్లు. మీకు కావలసింది 18 ఏళ్లవాడే, ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ నేర్చుకునే వేగం తగ్గుతుంది, వీడికేమో నేర్వాల్సినవి అందరికన్నా ఎక్కువ. పొడుగు 6 అడుగుల 6 అంగుళాల నుంచి 8 అంగుళాల మధ్య ఉండాలి. పొట్టివాళ్లకి బయటి ఆట త్వరగా వస్తుంది, పొడుగువాళ్లకి లోపలి ఆట. మధ్యస్థంగా ఉన్నవాడు రెండూ ఒక మోస్తరు వేగంతో నేరుస్తాడు. ఏడడుగుల మనిషిని పట్టుకుని పాసింగ్ నేర్పుతానంటే మీ ఓపికకి దణ్ణం.

పొటెన్షియల్ (ఆటగాడు ఎంతవరకు ఎదగగలడన్న హద్దు) దగ్గర చాలామంది అనవసరంగా డబ్బు పోస్తారు. హాల్ ఆఫ్ ఫేమర్ అనే పై మెట్టు పేరు పక్కన రాసుందంటే చాలు, వేలం వెర్రెక్కిపోతుంది. నన్నడిగితే అంతకన్నా కింది మెట్లైన ఆల్‌స్టార్, మహా అయితే పెరెన్నియల్ ఆల్‌స్టార్ చాలు. నైపుణ్యాల్ని అన్నివైపులా పంచుకున్నవాడు ఆ గోడని ఆలస్యంగా తాకుతాడు. పొటెన్షియల్ కన్నా ముందు నేను చూసేది నైపుణ్యాల్లో అడుగున ఉన్న అంకెల్ని. ఒకటి 8, రెండు 2లు ఉన్నవాడికన్నా అన్నీ 4, 5, 6ల్లో ఉన్నవాడు మేలు. ఆ 2ని పైకి లాగడానికే అరసీజన్ పోతుంది.

ఇక వారం లెక్క. వారానికి రెండు లీగ్ మ్యాచ్‌లు, శనివారం ఒకటి, మంగళవారం ఒకటి. గురువారం కప్పు మ్యాచ్, కప్పు నుంచి బయటపడ్డాక స్క్రిమేజ్ (లీగ్ లెక్కలోకి రాని స్నేహపూర్వక మ్యాచ్). శుక్రవారం ట్రైనింగ్. మా ఇంట్లో శుక్రవారం అంటే మా ఆవిడకి లక్ష్మీపూజ, నాకు ట్రైనింగ్ రిపోర్టు. పూర్తి ట్రైనింగ్ అందాలంటే ఆటగాడు ఆ వారంలో ఆ స్థానంలో 48 నిమిషాలు ఆడి ఉండాలి. ఒక మ్యాచ్ 48 నిమిషాలే. అంటే ఒకే స్థానం ట్రైనింగ్ పెడితే మూడు మ్యాచ్‌లకి ముగ్గురు. రెండు స్థానాల ట్రైనింగ్ పెడితే ఆరుగురు, కానీ ఒక్కొక్కరికీ అందేది తగ్గుతుంది.

ఇక్కడే కిటుకు. ఇన్‌సైడ్ డిఫెన్స్ ట్రైనింగ్ సెంటర్ స్థానానికి పెట్టారనుకోండి. శనివారం మీ అసలు సెంటర్, మంగళవారం రెండో సెంటర్, గురువారం స్క్రిమేజ్‌లో మన స్మాల్ ఫార్వర్డ్ కుర్రాడు. స్క్రిమేజ్‌లో నలభై పాయింట్లతో ఓడినా అడిగేవాడు లేడు. అవతలి సెంటర్ వీడి నెత్తిమీద వరసగా డంకులు కొడుతుంటే చూడ్డానికి బాధగా ఉంటుంది, అంతే. వీడు మాత్రం ముగ్గురిలో అందరితో సమానంగా నేరుస్తాడు. లీగ్ పట్టికలో మీ స్థానం కదలదు. పాసింగ్, ఔట్‌సైడ్ డిఫెన్స్ వంతు వచ్చినప్పుడు సెంటర్ల చోట గార్డుల్ని పెట్టి ఇదే పద్ధతి.

కప్పు సంగతి ఒక్క మాట. కప్పులో ముందుకెళ్తే డబ్బొస్తుంది, నిజమే. కానీ మీరు ఆటగాళ్లని తయారుచేసే జట్టైతే గురువారాలన్నీ కప్పుకి పోతాయి. నేనైతే కప్పు మొదటి మ్యాచ్‌లోనే కుర్రాణ్ణి సెంటర్‌లో నిలబెట్టేసి, టేక్ ఇట్ ఈజీ (తక్కువ శ్రమతో ఆడమనే ఆప్షన్) నొక్కి, లీగ్ కోసం ఉత్సాహం దాచుకుంటాను. మా లీగ్‌లో కొందరు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

లైనప్‌లో అజాగ్రత్త పనికిరాదు. ఆ స్థానంలో ప్రారంభ ఆటగాడిగా, బ్యాకప్‌గా, రిజర్వ్‌గా మూడు గడుల్లోనూ వాడి పేరే పెట్టండి. లేకపోతే మ్యాచ్ ఏకపక్షమైనప్పుడు కోచ్ ఆఖర్లో బెంచ్‌వాళ్లని దించేస్తాడు, మీవాడికి 48 చోట 41 వస్తాయి, ఆ వారం ట్రైనింగ్ సగం సగంగా అందుతుంది. సెంటర్‌గా తెలియని ఆట ఆడేవాడు ఫౌళ్లు ఎక్కువ చేస్తాడు, ఆరు ఫౌళ్లతో బయటికెళ్లే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దానికి మందు లేదు. స్క్రిమేజ్ ప్రత్యర్థిగా బలహీనమైన సెంటర్ ఉన్న జట్టుని వెతుక్కోవడం ఒక్కటే దారి.

ఆ 48 నిమిషాలు కాక, లీగ్ మ్యాచ్‌లలో వాణ్ణి తన అసలు స్థానంలో కాసేపు బ్యాకప్‌గా దించండి. వారం మొత్తం మీద 50 నుంచి 70 నిమిషాల మధ్య ఉంటే గేమ్ షేప్ (ఆటగాడి ఫామ్) నిలుస్తుంది. మూడు మ్యాచ్‌లూ పూర్తిగా ఆడిస్తే షేప్ పడిపోయి, నేర్చిన ఆట కోర్టులో కనపడదు.

ఏ నైపుణ్యం ముందు అన్నదాని మీద ఎవరి వాదన వారిది. నేను ఫార్వర్డ్‌ల వన్ ఆన్ వన్ అనే ట్రైనింగ్‌తో మొదలుపెడతాను. డ్రైవింగ్ (బుట్టవైపు దూసుకెళ్లడం), హ్యాండ్లింగ్ (బంతి అదుపు), షాట్లు ఒకే దెబ్బకి కదులుతాయి, పైగా స్మాల్ ఫార్వర్డ్ స్థానంలో ఆడిస్తూనే చేయొచ్చు. ఆ తర్వాత ఔట్‌సైడ్ డిఫెన్స్. ఇది నత్తనడక నడుస్తుంది కాబట్టి చిన్న వయసులోనే ముగించాలి. 1991 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌లో స్మాల్ ఫార్వర్డ్ స్కాటీ పిప్పెన్ ఆరడుగుల తొమ్మిదంగుళాల మ్యాజిక్ జాన్సన్‌ని పట్టుకున్న తీరు చూసినవాళ్లకి ఈ నైపుణ్యం విలువ చెప్పక్కర్లేదు. పాసింగ్‌ని దీనికి జతగా పెట్టుకోండి, రెండూ పాయింట్ గార్డ్ స్థానంలోవే. తర్వాత లోపలి ఆట: ఇన్‌సైడ్ డిఫెన్స్, రీబౌండింగ్ (తప్పిన షాట్ బంతిని అందుకోవడం), ఇన్‌సైడ్ షాట్. జంప్ షాట్ (దూరం నుంచి ఎగిరి వేసేది) ఆఖర్న. అది పెరిగితే షూటింగ్ గార్డ్ తూకంలో జీతం గబగబా ఎక్కుతుంది. జీతాలు సీజన్ మారేటప్పుడే తిరిగి లెక్కేస్తారు కనుక, సీజన్ మొదటివారంలో జంప్ షాట్ మొదలుపెడితే ఆ సీజన్ అంతా పాత జీతానికే కొత్త ఆట వస్తుంది. షాట్ బ్లాకింగ్ జోలికి నేను పోను.

నైపుణ్యాలు పేర్లతో కనపడతాయి: 7 రెస్పెక్టబుల్, 8 స్ట్రాంగ్, 9 ప్రొఫిషియెంట్, 10 ప్రామినెంట్, అలా 20 లెజెండరీ దాకా. వాటి మధ్య దశాంశాలు మనకి చూపించరు. పాప్ (నైపుణ్యం ఒక అంకె పెరగడం) రాని శుక్రవారం ఏమీ జరగలేదనుకోకండి, లోపల కదిలే ఉంటుంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, ట్రైనింగ్ పేరు, ఆడిన నిమిషాలు, ఏది పెరిగింది, ఈ నాలుగు గళ్లు గీసుకోండి. మావాడికి ఔట్‌సైడ్ డిఫెన్స్‌లో 7 నుంచి 8కి పట్టిన వారాలు ఆ పుస్తకంలో ఉన్నాయి కాబట్టే, 8 నుంచి 9కి ఏ వారానికి వస్తుందో ముందే ఊహించి ట్రైనింగ్ మార్చగలిగాను. గేమ్ షేప్ మారని వారాల్లో డీఎంఐ (ఆటగాడి నైపుణ్యాలూ షేపూ కలిపి గేమ్ చూపే సూచిక) అంకె పెరిగితే అదీ ఒక జాడే.

ట్రైనర్ మీద పొదుపు వద్దు, అలాగని 7వ స్థాయివాణ్ణి తెచ్చి దివాలా తీయొద్దు. 4 లేదా 5వ స్థాయి చిన్న జట్టుకి సరిపోతుంది.

ఆఖరికి వాణ్ణి ఏ ఆటకి వాడతారన్నది ముందే తేల్చుకోవాలి. లుక్ ఇన్‌సైడ్ (బుట్ట దగ్గరి షాట్ల వ్యూహం) ఆడే జట్టైతే ఇన్‌సైడ్ షాట్, రీబౌండింగ్ 12 దాకా తీసుకెళ్లి, జంప్ షాట్‌ని 8 దగ్గర ఆపేయొచ్చు. బయటి షాట్ల వ్యూహాలైన మోషన్‌కో ప్రిన్స్‌టన్‌కో అయితే జంప్ షాట్, జంప్ రేంజ్ (ఎంత దూరం నుంచి వేయగలడన్నది) కావాలి, ఇన్‌సైడ్ షాట్ 7 ఉన్నా గడుస్తుంది. ఔట్‌సైడ్ డిఫెన్స్ మాత్రం ఏ జట్టుకైనా రెండంకెలు దాటాల్సిందే. 25 ఏళ్లొచ్చేసరికి పాప్‌లు దూరమవుతాయి. అప్పుడు ట్రైనింగ్ స్థానం కొత్త కుర్రాడికిచ్చి, వీణ్ణి శనివారం మ్యాచ్‌లో తన చోట, స్మాల్ ఫార్వర్డ్‌గా పెట్టండి.