పదమూడేళ్లకే పార్ట్‌టైమ్ పనా? ముందు వారం లెక్క వేయండి

"నేనూ పనికి వెళ్తా" అని పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు అడిగితే అవుననో కాదనో వెంటనే చెప్పేయకండి. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఓ కాగితం మీద వారం లెక్క వేయండి.

వారానికి 168 గంటలు. ఈ వయసులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తొమ్మిది చొప్పున వేసుకుంటే 63 అక్కడే పోయాయి. బడి, రాకపోకలు కలిపి 45. ఇంటి దగ్గర చదువు 12. తిండి, స్నానం, తయారవడం 17. ఇంటిపని 5. ఆటలు, స్నేహితులు, ఊరికే కూర్చోవడం రోజుకు రెండు గంటలు, అంటే 14. ఇవన్నీ పోగా మిగిలేది 12. జ్వరాలకీ చుట్టాలొచ్చే రోజులకీ నాలుగు వదిలేస్తే, చేతిలో ఉన్నది ఎనిమిది గంటలు. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండొచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఊరికే కూర్చునే సమయాన్ని పనికి మళ్లిద్దాం అనిపిస్తుంది. మళ్లించకండి. పగలు దొరకని ఆ తీరికని పిల్లలు రాత్రి ఫోన్‌తో పూడ్చుకుంటారు, నిద్ర కాస్తా పోతుంది. దారిలో గడిచే సమయం కూడా ఆ ఎనిమిదిలోదే. రెండు గంటల పనికి పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు పడితే అది మూడు గంటల ఇరవై నిమిషాల పని. వారానికి అలాంటివి రెండే పడతాయి.

ఇక చట్టం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం ప్రకారం పనికి కనీస వయసు మామూలుగా 15. ఆరోగ్యానికీ చదువుకీ అడ్డురాని తేలికపాటి పనిని 13 నుంచి అనుమతించే వీలు దేశాలకు ఉంది. ప్రమాదకరమైన పనికి మాత్రం 18. దేశాన్ని బట్టి వయసు, గంటలు, రాత్రి వేళల నిబంధనలు మారతాయి కాబట్టి మీరున్న చోట రూలు చూసుకోకుండా ముందుకు వెళ్లొద్దు. చట్టం కుదరదంటే అక్కడితో ఆపేయండి.

కుదిరితే, పని పేరు చూసి మోసపోకండి. "కౌంటర్ దగ్గర నిలబడటమే" అని చేర్చుకుని, రద్దీ రోజున మరుగుతున్న నూనె దగ్గరకో కోత మిషన్ దగ్గరకో పంపుతారు. అందుకే ఎవరైనా సెలవు పెట్టిన రోజున పిల్లలతో ఏం చేయిస్తారో ముందే అడగండి. నిచ్చెన ఎక్కడం, బరువులు మోయడం, బండి మీద డెలివరీ, ఒంటరిగా దుకాణం మూయడం, ఈ నాలుగింటికీ ఒప్పుకోవద్దు. గల్లాపెట్టెలో డబ్బు తగ్గితే ఎవరు కట్టాలన్నదీ అప్పుడే తేల్చుకోండి. జీతం ఎంత, ఏ రోజు, ఎలా ఇస్తారో రాయించుకోండి. సొంత దుకాణమైనా, మేనమామ దుకాణమైనా ఇదే పద్ధతి. నిజానికి గంటలు ఎక్కువగా జారేది అక్కడే, మనవాళ్లే కదా అని ఎవరూ లెక్క చూడరు.

ఆన్‌లైన్ పనిలో ఇంకో గొడవ. చేరడానికి ముందుగా డబ్బు కట్టమన్నా, ఓటీపీ అడిగినా, "మీ ఖాతాలోకి వచ్చిన డబ్బు ఇంకొకరికి పంపితే చాలు" అన్నా అది ఉద్యోగం కాదు. ఆ చివరిది దొంగ సొమ్ము చేతులు మార్చే దారి, కేసులో ఇరుక్కునేది ఖాతా ఉన్నవాళ్లే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు.

చేరిన రోజు నుంచీ పిల్లల చేతే ఒక నోటుబుక్కులో రాయించండి: తేదీ, వెళ్లిన వేళ, వచ్చిన వేళ, మధ్యలో విరామం, అందిన డబ్బు. ఉదాహరణకు ఏడింటికి పని అయిపోయినా, తుడిచి సర్దేసరికి ఏడుంపావు అవుతుంది, జీతం మాత్రం ఏడు వరకే లెక్కేస్తారు. వారానికి రెండు రోజులు, పావుగంట చొప్పున, నాలుగు వారాలకు రెండు గంటలు ఊరికే చేసినట్టు. నోటుబుక్కు చూపించి అడగాల్సింది పిల్లలే. మీరు వెనకాల నిలబడితే చాలు. మొదటి ఉద్యోగంలో జీతం కన్నా పనికొచ్చేది ఈ అడగడమే అని మా అభిప్రాయం.

ఆ డబ్బుని మాత్రం ఇంటి ఖర్చుల్లో కలపకండి. ఫోను వాయిదాకో, కరెంటు బిల్లుకో దాన్ని కట్టేశారంటే, మానేయాల్సిన రోజున మానేయలేరు.

మొదట నాలుగు వారాలకే ఒప్పుకోండి. పొద్దున రెండుసార్లు లేపినా లేవకపోవడం, అన్నం మానేయడం, ఆదివారం రాత్రికే హోంవర్కంతా మిగిలిపోవడం, పని మాటెత్తితే ముఖం మాడ్చుకోవడం, వీటిలో ఏ రెండు కనిపించినా గంటలు సగం చేయండి. రెండు వారాల్లో మార్పు లేకపోతే మాన్పించండి. ఎవరైనా తాకినా, తిట్టినా, "ఇంట్లో చెప్పొద్దు" అన్నా ఆ రోజే ఆఖరు, మిగతా లెక్క తర్వాత చూసుకోవచ్చు.

పరీక్షల తేదీలు తెలిసిన రోజే యజమానికి రాసి ఇవ్వండి, కనీసం మూడు వారాల ముందు. మానేసేటప్పుడు కూడా నోటి మాటతో సరిపెట్టొద్దు. ఆఖరి రోజు ఏ తేదీనో కాగితం మీద రాసిచ్చి, తాళాలు, యూనిఫాం తిరిగిచ్చినట్టు సంతకం తీసుకుని, రావాల్సిన డబ్బుని నోటుబుక్కుతో సరిచూసుకోండి.