నియమం రాసే ముందు: జరిమానాలూ బహుమతులూ పెట్టవలసిన తీరు

అపార్ట్‌మెంటు సంఘంలోనో, పొదుపు సంఘంలోనో, బడిలోనో, చిన్న కార్యాలయంలోనో నియమాలు రాసే పని మీ మీద పడితే, మొదటి సమావేశంలోనే ఎవరో ఒకరు "ఫైన్ వేస్తే వాళ్లే దారికొస్తారు" అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ తిరగబడుతుందో తెలుసుకుని నియమం రాయడం వేరు, విసుగులో తీర్మానం చేయడం వేరు. జరిమానా ఎంత అన్న ప్రశ్నకు వెళ్లే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, సాధారణంగా ఎవరికీ గుర్తురానిది, లెక్క చూసే మనిషి ఎవరి చేతికింద ఉన్నాడన్నది.

ముందుగా, మాన్పించదలచిన పనిని ఒక్క వాక్యంలో రాయండి. "సభ్యులు బాధ్యత లేకుండా ప్రవర్తిస్తున్నారు" అని రాస్తే ఉపయోగం లేదు. "5వ తేదీ లోపల రావలసిన మెయింటెనెన్స్ సొమ్ము 15వ తేదీ దాటాక వస్తోంది" అని రాస్తే ఉంది. ఆ తరువాత అలా ఆలస్యం చేసేవారిలో కొందరితో విడిగా, నింద మోపకుండా మాట్లాడండి. ఒకరికి జీతం 7వ తేదీన గాని పడదు. ఇంకొకరు, పక్కవాళ్లు కట్టనప్పుడు తామొక్కరే ఎందుకు కట్టాలని ఆగుతున్నారు. మూడోవారికి ఆలస్యం వల్ల పోయేదేమీ లేదని తెలుసు. మొదటివారికి గడువు మార్చాలి, రెండోవారికి ఎందరు కట్టారో చూపించాలి, జరిమానా అవసరమైనది మూడోవారికి మాత్రమే. ముగ్గురికీ ఒకే మందు వేస్తే మొదటివారికి అన్యాయం జరుగుతుంది, రెండోవారి అనుమానం అలాగే ఉండిపోతుంది.

జరిమానా పెట్టాలనే నిశ్చయించుకుంటే, ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో జరిగిన ఒక పరిశీలనను దృష్టిలో ఉంచుకోవడం మంచిది. అక్కడి పది శిశు సంరక్షణ కేంద్రాల్లో కొందరు తల్లిదండ్రులు సాయంత్రం పిల్లలను తీసుకువెళ్లడానికి ఆలస్యంగా వచ్చేవారు. వారు వచ్చేదాకా ఒక టీచరు ఇంటికి వెళ్లకుండా వేచి ఉండవలసి వచ్చేది. యూరీ నీజీ, ఆల్డో రస్టికీనీ అనే ఆర్థికవేత్తలు వాటిలో ఆరు కేంద్రాల్లో పది నిమిషాలకు మించి ఆలస్యమైతే పది షెకెల్‌ల జరిమానా పెట్టించారు. 2000లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆలస్యంగా వచ్చేవారు తగ్గకపోగా సుమారు రెట్టింపయ్యారు. అంతవరకు టీచరును నిలబెట్టామన్న మొహమాటం తల్లిదండ్రులను తొందరపెట్టేది; జరిమానా వచ్చాక ఆలస్యం డబ్బిచ్చి కొనుక్కునే సేవగా మారిందని, మొహమాటపడవలసిన అవసరం తీరిపోయిందని ఆ ఫలితాలకు సాధారణంగా చెప్పే వివరణ. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దాని తరువాతి భాగం: కొన్ని వారాలకు జరిమానా ఎత్తివేసినా ఆలస్యాలు పాత స్థాయికి తగ్గలేదు. ఒకసారి పోయిన మొహమాటం తీర్మానం రద్దు చేసినంత మాత్రాన తిరిగి రాలేదు.

కాబట్టి ఇప్పటికే సిగ్గో, మర్యాదో, ఒకరి ముఖం చూసి మెలిగే అలవాటో కొంతవరకు పని చేస్తున్నచోట చిన్న జరిమానా పెట్టకండి. పెట్టక తప్పదనుకుంటే అది నొప్పి తెలిసేంత ఉండాలి, రెండోసారి, మూడోసారి పెరగాలి, నోటీసులో దానిని రుసుములా కాకుండా తప్పుకు శిక్షగానే రాయాలి. జరిమానాలన్నీ వ్యర్థమని దీని అర్థం కాదు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలకు పార్కింగ్ జరిమానాలు కట్టకపోయినా చెల్లిపోయే రక్షణ ఉండేది. ఆ కాలంలో, అవినీతి ఎక్కువని పేరున్న దేశాల ప్రతినిధులే ఎక్కువగా నియమాలు మీరారని రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ చూపారు. 2002 చివరలో, కట్టనివారి వాహనాల దౌత్య నంబరు ప్లేట్లు తీసివేసే అధికారం నగరానికి వచ్చిన తరువాత ఉల్లంఘనలు 98 శాతం దాకా పడిపోయాయి. ఇంటి దగ్గర నేర్చిన అలవాటు ఎంత బలమైనదో, నిజంగా అమలయ్యే శిక్ష ముందు అది ఎంత త్వరగా లొంగుతుందో ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తుంది.

బహుమతుల విషయానికి వస్తే, మీరు దేనిని కొలిచి డబ్బిస్తారో దానిని జాగ్రత్తగా ఎన్నుకోవాలి. 1902లో హనోయిలో ఫ్రెంచి పాలకులు ఎలుకలను తగ్గించడానికి తోకకు ఇంత అని బహుమతి ప్రకటించగా, కొన్నాళ్లకు ఊళ్లో తోక లేని ఎలుకలు తిరుగుతూ కనిపించాయి, నగర శివార్లలో కొందరు ఎలుకలను పెంచుతున్నట్టు కూడా బయటపడింది. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు తన ఉద్యోగులకు ఒక్కొక్క ఖాతాదారుకు ఇన్ని ఖాతాలు అమ్మాలని లక్ష్యాలు పెట్టినప్పుడు, ఖాతాదారులకు తెలియకుండానే లక్షల సంఖ్యలో ఖాతాలు తెరుచుకున్నాయి. 2016లో బ్యాంకు 18.5 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. బహుమతి ప్రకటించే ముందు ఒక గంట కూర్చుని, అసలు పని ఏమాత్రం చేయకుండా ఆ డబ్బు ఎలా సంపాదించవచ్చో మీరే ఆలోచించండి. మీకు ఒక దారి తోస్తే, రోజూ ఆ పనిలోనే ఉన్నవారికి నాలుగు తోస్తాయి.

కొలత సరిగ్గా ఉంటే డబ్బు మంచి ఫలితాన్నే ఇస్తుందనడానికి మన దగ్గరే ఒక దృష్టాంతం ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో మొదలైన ఒక ప్రయోగంలో, విద్యార్థుల మార్కులు ముందటి స్థాయి నుంచి ఎంత మెరుగుపడ్డాయన్న దానిని బట్టి ఉపాధ్యాయులకు జీతంలో సగటున 3 శాతం మేరకు బోనస్ ఇచ్చారు. రెండేళ్ల తరువాత ఆ బడుల పిల్లలు మిగతావారికన్నా లెక్కల్లోనూ భాషలోనూ మెరుగ్గా ఉన్నారని, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా వెనకపడకపోగా ముందుకే వెళ్లారని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ తేల్చారు. పరీక్షల్లో బట్టీ పట్టి రాయలేని ప్రశ్నలు కూడా ఉండటం, పరీక్ష నిర్వహించినవారు బడికి బయటివారు కావడం ఇక్కడ గమనించదగినవి.

బయటివారు అన్నచోట కొంచెం ఆగాలి. గుజరాత్‌లో కాలుష్యం వెదజల్లే కర్మాగారాలు ఏటా పర్యావరణ ఆడిట్ చేయించుకోవాలన్న నియమం ఉంది. ఆడిటర్‌ను ఎంచుకునేదీ, రుసుము చెల్లించేదీ ఆ కర్మాగారమే కాబట్టి, నివేదికల్లో కాలుష్యపు అంకెలు విచిత్రంగా చట్టం అనుమతించిన హద్దుకు కాస్త దిగువన గుమిగూడేవి. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలితో కలిసి అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని కొన్ని కర్మాగారాలకు ఈ పద్ధతిని మార్చారు. ఆడిటర్‌ను లాటరీ పద్ధతిలో కేటాయించారు. రుసుమును ఒక ఉమ్మడి నిధి నుంచి, అందరికీ ఒకే రేటు చొప్పున ఇచ్చారు. కొన్ని కొలతలను వేరొకరు మళ్లీ తీసి సరిచూశారు. రెండో ఏడాది, కొలత ఎంత కచ్చితంగా ఉంటే అంత ఎక్కువ చెల్లించారు. హద్దు దాటినదాన్ని దాటలేదని రాసే తప్పుడు నివేదికలు సుమారు 80 శాతం తగ్గాయి, నిజం బయటికి వస్తుందని తెలిసిన కర్మాగారాలు కాలుష్యాన్ని కూడా తగ్గించుకున్నాయి. అదే పనిలో ఉన్న ఆడిటర్లే, నీతి పాఠాలేమీ వినకుండానే, జీతం వచ్చే దారి మారగానే నిజం రాశారు.

మీ సంఘానికి దీనిని అన్వయించుకోవడం కష్టమేమీ కాదు. కార్యదర్శి ఖర్చులను కార్యదర్శి మిత్రుడు తనిఖీ చేయకూడదు; తనిఖీ చేసేవారిని చీటీ వేసి, ఏటా మార్చి ఎంచుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో కూలీ కుటుంబాల యువతీ యువకులు తమ సొంత ఊరిని కాక మరో ఊరిని తనిఖీ చేయడం, ఇంటింటికీ వెళ్లి మస్టరు రోలులో ఉన్న హాజరును కూలీల నోటి మాటతో పోల్చడం, చివరికి మండల స్థాయి ప్రజా వేదికలో అందరి ముందు చదివి వినిపించడం కూడా ఇదే ఆలోచనకు రూపాలు. ప్రజా వేదికలో దుర్వినియోగమైందని తేలిన సొమ్మంతా తిరిగి రాబట్టలేకపోతున్నారన్న విమర్శ న్యాయమైనదే. అయినా తప్పు పట్టుకునే దశ వరకు ఆ పద్ధతి గట్టిదని నా అభిప్రాయం.

ఇక నోటీసు బోర్డు. "చాలామంది మెట్ల మీద చెత్త వేస్తున్నారు, ఇది సిగ్గుచేటు" అని రాసినప్పుడు చదివేవారికి అందులోంచి చేరే మొదటి కబురు, చాలామంది వేస్తున్నారన్నదే. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానంలో రాయిగా మారిన చెట్ల ముక్కలను సందర్శకులు ఎత్తుకుపోవడం పెద్ద సమస్య. రాబర్ట్ చాల్డీనీ బృందం గుర్తు పెట్టిన ముక్కలను దారి పక్కన ఉంచి రెండు రకాల బోర్డులను పరీక్షించింది. గతంలో ఎందరో సందర్శకులు ముక్కలు తీసుకుపోయారని చెప్పిన బోర్డు దగ్గర దాదాపు 8 శాతం ముక్కలు పోయాయి. దయచేసి తీయవద్దని మాత్రమే కోరిన బోర్డు దగ్గర పోయినవి 2 శాతం లోపే. మీ బోర్డు మీద సకాలంలో కట్టినవారి సంఖ్యను రాయండి, అది నిజంగా ఎక్కువైతేనే రాయండి. సంఖ్య తక్కువగా ఉంటే చేయవలసినదేమిటో చెప్పి ఊరుకోండి. అబద్ధపు అంకె ఎక్కువ రోజులు దాగదు.

సమష్టి ఒత్తిడిని నియమంలో భాగం చేసేటప్పుడు మరీ జాగ్రత్త కావాలి. సూక్ష్మ రుణ సంస్థలు మహిళలను చిన్న చిన్న గ్రూపులుగా చేర్చి, ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాలన్న షరతు మీద అప్పులిచ్చాయి. పొలమూ బంగారమూ తాకట్టు లేనివారికి ఇరుగుపొరుగు నమ్మకమే పూచీకత్తు అయింది, వసూళ్లు కూడా చాలాకాలం అద్భుతంగా సాగాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు పోటీపడి అప్పులిచ్చి, క్షేత్ర సిబ్బంది రాబడి కొత్త అప్పులతోనూ వసూళ్లతోనూ ముడిపడిన తరువాత, అదే ఇరుగుపొరుగు ఒత్తిడి వాకిట్లో నిలబెట్టి అవమానించడంగా మారింది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ తరువాత వసూళ్లు చాలావరకు నిలిచిపోయాయి, ఎందుకంటే "అందరూ కడుతున్నారు" అన్న కట్టుబాటు ఎంత బలంగా పనిచేసిందో, "ఎవరూ కట్టడం లేదు" అన్నది కూడా అంతే బలంగా పనిచేసింది. తప్పు చేసినవారి పేరు గోడ మీద వేయడం, ఒకరి తప్పుకు గ్రూపు మొత్తాన్ని శిక్షించడం వంటి ఆలోచన వచ్చినప్పుడు, నిజంగా కట్టలేని మనిషికి ఆ నియమంలో ఏ దారి మిగిలిందో ముందు రాసి చూపించమని ప్రతిపాదించినవారినే అడగండి.

అలాగని ఇతరుల మాటకు బలమివ్వకూడదని కాదు. కెన్యాలో మటాటు అనే మినీబస్సుల లోపల, డ్రైవరు ప్రమాదకరంగా నడిపితే గొంతెత్తి అడగమని ప్రయాణికులను ప్రోత్సహించే స్టిక్కర్లు అంటించినప్పుడు, ఆ బస్సుల బీమా క్లెయిములు సగానికి పైగా తగ్గాయి. ఇక్కడ గొంతు దక్కినది ప్రమాదాన్ని మోసేవారికి. స్కూలు ఆటోలకో, ఫ్యాక్టరీ బస్సులకో నియమాలు రాసేవారు డ్రైవరుకు వేసే జరిమానాతో ఆగిపోకుండా ఈ పద్ధతిని పరిశీలించవచ్చు.

పొరపాట్లను దాచకుండా చెప్పించడం మరో రకం పని, దానికి శిక్ష దాదాపుగా పనికిరాదు. 1974 డిసెంబరులో వాషింగ్టన్ దగ్గర ఒక విమానం కొండను ఢీకొని 92 మంది మరణించారు. అంతకు కొన్ని వారాల ముందే మరో విమానయాన సంస్థ సిబ్బంది అదే చోట అదే రకంగా పొరబడి త్రుటిలో తప్పించుకున్నారు, కానీ ఆ కబురు ఆ సంస్థను దాటి బయటికి రాలేదు. 1976లో అమెరికాలో మొదలైన విమాన భద్రతా నివేదికల వ్యవస్థలో, ఉద్దేశపూర్వకం కాని పొరపాటును పది రోజుల్లోగా రాసి పంపినవారికి సాధారణంగా శిక్ష నుంచి మినహాయింపు ఉంటుంది. నివేదికలు అందుకునేది నాసా. శిక్ష వేసే అధికారం దానికి లేదు. ఆసుపత్రిలో మందు మారినా, వంటశాలలో గ్యాసు లీకైనా ఈ ఏర్పాటునే అనుకరించండి: చెప్పినవారికి రక్షణ, దాచినవారికి శిక్ష, వినేవారు ఒకరు, శిక్షించేవారు వేరొకరు.

చివరగా మినహాయింపులు. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో సేవా మందిర్ అనే సంస్థ తన ఏకోపాధ్యాయ కేంద్రాల్లో, తేదీ సమయం మార్చలేని కెమెరాతో పొద్దున ఒకసారి, బడి వదిలేటప్పుడు ఒకసారి విద్యార్థి చేత ఫొటో తీయించి, ఆ ఫొటోల ప్రకారం ఉపాధ్యాయుడికి జీతమిచ్చింది. ఈ ఏర్పాటు లేని కేంద్రాల్లో గైర్హాజరు 42 శాతం ఉండగా, ఉన్నవాటిలో 21 శాతానికి తగ్గింది. అదే జిల్లాలో ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రాల నర్సుల హాజరుకు సమయపు ముద్ర వేసే యంత్రాన్ని పెట్టినప్పుడు, మొదటి నెలల్లో హాజరు బాగా మెరుగైంది. తరువాత ఆరోగ్య శాఖ అధికారులు "మినహాయింపు దినాలు" ఉదారంగా మంజూరు చేయసాగారు, 16 నెలలకు ఆ కేంద్రాలకూ మిగతావాటికీ తేడా లేకుండా పోయింది.  మీ నియమానికి ఆరు నెలల కాలపరిమితి పెట్టండి, మినహాయింపు ఎవరు, ఏ కారణాలకు ఇవ్వవచ్చో నియమంలోనే రాయండి, ఇచ్చిన ప్రతి మినహాయింపునూ ఒక పుస్తకంలో నమోదు చేసి నెలవారీ సమావేశంలో చదివించండి. మూడో నెలకే ఆ జాబితా సగం పేజీ దాటితే జరిమానా మొత్తాన్ని పెంచకండి. మినహాయింపు అడిగినవారి కారణాలను ముందు పెట్టుకుని గడువునో, పద్ధతినో మళ్లీ రాయండి.