పాత అరెస్ట్ వారంట్‌కు కాలం చెల్లుతుందా? అమెరికాలో కేసు ఉన్నవాళ్లకు

సమస్య

ఎప్పుడో అమెరికాలో ఒక ట్రాఫిక్ కేసో, షాపులో చిన్న దొంగతనం కేసో పడింది. వాయిదాకు వెళ్లలేదు. తర్వాత వేరే రాష్ట్రానికి మారిపోయారు, ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు. ఇప్పుడు కొత్త ఉద్యోగానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తే వారంట్ పెండింగ్‌లో ఉందని తేలింది. "ఇన్నేళ్లయింది కదా, కాలపరిమితి దాటిపోయుంటుందిలే" అని స్నేహితులు ధైర్యం చెబుతారు. దయచేసి ఆ మాట నమ్ముకుని కూర్చోకండి.

కారణం

కాలపరిమితి అనేది కేసు పెట్టడానికి ప్రభుత్వానికి ఉన్న గడువు. ఫెడరల్ నేరాల్లో చాలావాటికి అది 5 ఏళ్లు, హత్యకైతే గడువే లేదు. ఆ లోపల అభియోగం దాఖలైతే, ఆ తర్వాత మిమ్మల్ని పట్టుకోవడానికి పదేళ్లు పట్టినా ఆ గడువు సాధారణంగా అడ్డురాదు. కాలిఫోర్నియాలో నిందితుణ్ణి స్పష్టంగా గుర్తిస్తూ వారంట్ జారీ చేస్తే చాలు, ప్రాసిక్యూషన్ మొదలైనట్టే లెక్క. వాయిదాకు రాలేదని జడ్జి ఇచ్చే బెంచ్ వారంట్‌లో అయితే కేసు అప్పటికే నడుస్తోంది, ఇక గడువు ప్రశ్న ఎక్కడిది?

ఇంకో పొరపాటు సెర్చ్ వారంట్ వల్ల వస్తుంది. ఫెడరల్ సెర్చ్ వారంట్‌ను 14 రోజుల్లోపు అమలు చేయాలి. అది విని అన్ని వారంట్లూ అంతే అనుకుంటారు. అరెస్ట్ వారంట్ మాత్రం అమలయ్యేదాకా, లేదా కోర్టు రద్దు చేసేదాకా సాధారణంగా బతికే ఉంటుంది.

పరిష్కారం

ముందు క్రిమినల్ లాయర్‌ను పెట్టుకోండి. ఒంటరిగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఆరా తీస్తే అక్కడే అరెస్ట్ చేయవచ్చు. ఏ కోర్టు, ఏ కేసు, ఏ రకం వారంట్ అన్నది లాయర్ కనుక్కుని, రద్దు కోరుతూ పిటిషన్ వేస్తారు. చిన్న కేసుల్లో చాలాచోట్ల మీరు రాకుండానే ఆయన హాజరు కావచ్చు. పెద్ద నేరమైతే మీరు వెళ్లక తప్పదు. వీసా మీదో, గ్రీన్‌కార్డ్ మీదో ఉంటే, త్వరగా తేలిపోతుందని నేరం ఒప్పేసుకోకండి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఆలస్యమే పనికొచ్చే సందర్భం ఒకటుంది. డాగెట్ అనే వ్యక్తిపై 1980లో డ్రగ్స్ కేసు పెట్టారు. అరెస్ట్ చేయడానికి పోలీసులు వెళ్లేసరికే ఆయన దేశం దాటాడు. 1982లో తిరిగొచ్చి సొంత పేరుతోనే బతికాడు, పెళ్లి చేసుకున్నాడు, డిగ్రీ పూర్తిచేశాడు. అధికారులు 1988లో ఒక క్రెడిట్ చెక్‌తో ఆయన్ని కనిపెట్టారు. కేసు సంగతి ఆయనకు ముందు తెలుసని ప్రభుత్వం చూపలేకపోయింది. ఎనిమిదిన్నరేళ్ల ఆ జాప్యం సత్వర విచారణ హక్కును కాలరాసిందని 1992లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. అదే తెలిసి తప్పించుకు తిరిగినవాళ్లకైతే ఈ వాదన నిలవడం కష్టం.

అందుకే ఇన్నేళ్లూ సొంత పేరుతో, బాహాటంగా ఉన్నారని చూపే కాగితాలన్నీ, అంటే ఇంటి అద్దె ఒప్పందాలు, టాక్స్ రిటర్నులు, డ్రైవింగ్ లైసెన్స్ కాపీలు, మొదటిసారి కలిసినప్పుడే లాయర్ చేతికివ్వండి.